చక్రపాణి బాబాయి బడి చూసొచ్చాడు

అమెరికాలో మా మోరిస్‌విల్‌లో ఇల్లు కొనాలనుకున్న తెలుగువాళ్ళు ముందు ఇళ్ళు చూపించే రియల్టర్‌కి ఫోన్ చేయరు, మా చక్రపాణి బాబాయికి చేస్తారు. చదువుకోసం వచ్చి వాళ్ళింట్లో మేడమీది గదిలో దిగిన మొదటి వారంలోనే నాకీ సంగతి అర్థమైంది. బాబాయి దోసె తింటూ ఫోన్‌ని స్పీకర్‌లో పెడతాడు. అవతలివాళ్ళు అడ్రస్ చెబుతారు. ఆయన కళ్ళు మూసుకుంటాడు.

"వాగుకి మన వైపా, అటు వైపా?"

"మీ వైపే అనుకుంటానండీ."

"అనుకోవడం కాదండీ. మన వైపైతే నార్త్ క్రెస్ట్ మిడిల్ స్కూల్. నైన్. కళ్ళు మూసుకుని కొనేయండి. అటు వైపైతే..." అని ఆగి, జబ్బు పేరు చెప్పే డాక్టర్‌లా గొంతు తగ్గించేవాడు. "హేజెల్ రన్. సిక్స్."

ఆ అంకెలు ఇంటర్నెట్‌లో ఒక సైట్ వేసేవి. ప్రతి స్కూలుకీ పదికి ఇన్ని అని మార్కులు. చుట్టుపక్కల స్కూళ్ళ మార్కులూ, ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్తారన్నదీ బాబాయికి నోటికి వచ్చు. గుడిలో ప్రసాదం కోసం వరసలో నిలబడ్డా ఎవరో ఒకరు ఆయన్ని మెల్లగా పక్కకి లాగి అడిగేవారు. టెక్సాస్‌లో కాపెల్‌లో ఉండే పాత స్నేహితుడు కూడా అక్కడి స్కూళ్ళ గురించి ఇక్కడికే ఫోన్ చేసేవాడు. ఇంత చేసినందుకు ఆయనకి దక్కేది వేసవిలో మామిడిపళ్ళ పెట్టెలూ, బోలెడంత సంతోషం.

ఉద్యోగరీత్యా ఆయన సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఇంకొకళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు, వాళ్ళ భాషలో బగ్‌లు, వెతకడం పని. "ఏ వస్తువైనా ఎక్కడ చెడిపోతుందో చూడాలమ్మా. అప్పుడే అదెంత మంచిదో తెలుస్తుంది" అనేవాడు. స్కూళ్ళ అంకెల పిచ్చి ఎక్కడిదని అడిగితే నవ్వేవాడు. "నన్ను ఇంటర్‌లో వేసింది టీవీలో ర్యాంకులు వినే కదా. ఒకటీ ఒకటీ ఒకటీ, రెండూ రెండూ అని ఊపిరాడకుండా అరిచేవాళ్ళు చూడు, అది విని మా నాన్న నన్ను తీసుకెళ్ళి హాస్టల్లో పడేశాడు. ఆ ఫస్ట్ ర్యాంకువాడు ఎలా ఉంటాడో రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూళ్ళేదు!"

అలాంటి బాబాయి ఇంటిమీదికే ఒక సాయంత్రం వచ్చింది ముప్పు. పిల్లలు ఎక్కువయ్యారని స్కూల్ బోర్డు సరిహద్దులు మార్చి కొత్త మ్యాపు పెట్టింది. ఇన్నాళ్ళూ వాగు దగ్గర ఆగిన గీత, వాగు దాటి, మా వీధిని కూడా చుట్టుకుని పోయింది. ఐదో క్లాసు పూర్తి చేస్తున్న బాబాయి కూతురు వేద ఆగస్టులో చేరాల్సింది హేజెల్ రన్‌లో.

బాబాయి ఆ మ్యాపుని ఫోన్‌లో పెద్దది చేసి చూశాడు, చిన్నది చేసి చూశాడు. ఎలా చూసినా మా ఇల్లు గీతకి అటే ఉంది. వెంటనే ఫోన్ మోగింది. మూడిళ్ళ అవతల ఉండే రఘు. వరంగల్ మనిషి. బాబాయి చెబితేనే ఈ వీధిలో ఇల్లు కొన్నాడు. వాళ్ళమ్మాయి మేధ, మా వేద ఒకే క్లాసు, ఒకే ప్రాణం.

"అన్నా, మన గల్లీ మొత్తం పోయిందట గదా! ఇప్పుడేం జేద్దామే?"

"ఆలోచిస్తున్నా రఘూ."

"నువ్వు అమ్మితే నేను గూడ అమ్ముత. నువ్వుంటే నేనుంట. నీ మాట మీదనే గదా కొన్న."

ఫోన్ పెట్టేసి, వచ్చే నెలలోగా ఇల్లు అమ్మకానికి పెట్టి నార్త్ క్రెస్ట్ వైపు మారిపోదామన్నాడు బాబాయి. వేద పెరుగన్నంలో చెంచా అలాగే ఉంచేసింది.

"నో నాన్నా! నేను ఈ హౌస్ ఇష్టం. మేధ హేజెల్ రన్ వెళ్తే నేను కూడా వెళ్తా."

"నీకు తెలీదురా. అది సిక్స్."

వంటింట్లోంచి త్రివేణి పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. "ఏవండీ, ఊళ్ళో బళ్ళన్నిటికీ మార్కులు చదువుతారు. ఎప్పుడైనా ఒక్క బళ్ళో కాలు పెట్టారా?"

బాబాయి నా వైపు చూశాడు. నేను పళ్ళెంలోకి చూసుకున్నాను. నిజమే. వేద బడికి మీటింగులకి వెళ్ళేది పిన్ని. ఈయన పిల్లల్ని దింపే కార్ల వరసలోంచి గోడ చూసొచ్చేవాడు, అంతే.

"రేటింగ్ ఉండగా లోపలికెళ్ళి చూసేదేముంటుంది?"

"నన్ను ఏ రేటింగ్ చూసి చేసుకున్నారు?"

"మా అమ్మ చూసింది."

"అత్తయ్య ఇంటికొచ్చి చూశారు. లోపలికొచ్చి, కాఫీ తాగి, పాట పాడించుకుని మరీ చూశారు. గేటు బయట కారు ఆపి చూసి వెళ్ళిపోలేదు." పిన్ని వేద తల నిమిరింది. "గురువారం కొత్త పేరెంట్స్‌కి స్కూల్ చూపిస్తారట. వెళ్ళి లోపల చూసి రండి. చూశాక కూడా అమ్మేద్దామంటే మారు మాట్లాడకుండా సంతకం పెడతా."

అలా రెండిళ్ళ సంగతి ఆ గురువారం మీద పడింది. ఆరోజు పిన్నికి ఆఫీస్‌లో తప్పించుకోలేని మీటింగ్. "నువ్వు రామ్మా. పుస్తకాలు చదివేదానివి, ఇంగ్లీష్ టీచర్ ఎలా చెబుతోందో నువ్వు చూడు" అని బాబాయి నన్ను వెంటబెట్టుకున్నాడు.

ఆయన ఇంటర్వ్యూ చొక్కా వేసుకున్నాడు. చంకలో లావుపాటి ఫైలు. స్కూల్ తలుపు దగ్గర బెల్ నొక్కితే లోపలినుంచి ఎవరని అడిగారు. బాబాయి గోడలోని ఆ చిన్న డబ్బాకి వంగి, ఇంటిపేరుతో సహా పూర్తిపేరు చెప్పి, తాను ఏ కంపెనీలో పనిచేస్తున్నదీ, ఈ దేశానికి ఎప్పుడు వచ్చిందీ కూడా చెప్పాడు. తలుపు తెరుచుకుంది.

ఆఫీసులో నెరిసిన జుట్టు, చిలకపచ్చ స్వెటర్‌తో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. ఏదైనా ఐడీ ఉందా అని అడిగింది. బాబాయి ఫైలు తెరిచాడు. పాస్‌పోర్టు, వీసా కాగితాలు, ఇంటి కాగితాలు, వేద టీకాల సర్టిఫికెట్ కౌంటర్ మీద వరసగా పేర్చాడు. పెళ్ళి ఫొటో ఒకటి కూడా బయటపడింది. ఆవిడ ఫొటో తీసి ముచ్చటగా చూసింది.

"డ్రైవింగ్ లైసెన్స్ చాలు. కంగారు పడకండి, ఇక్కణ్ణుంచి మేం ఎవర్నీ వెనక్కి పంపించం."

బాబాయి మొదట బిత్తరపోయి, తర్వాత పెద్దగా నవ్వేశాడు. పొద్దున్నుంచీ అదే మొదటి నవ్వు.

స్కూల్ చూపించడానికి ప్రిన్సిపాల్ వస్తారనుకున్నాం. ఎనిమిదో క్లాసు అమ్మాయి వచ్చింది. పేరు మారిసోల్. రెండు జడలు, రెండు రంగుల సాక్సు, చేతిలో సగం తిన్న ఆపిల్. ఏం చూస్తారని అడిగింది. క్లాసు చూస్తానన్నాడు బాబాయి. ఒక లెక్కల క్లాసులోకి తీసుకెళ్ళి వెనకాల నిలబెట్టింది.

బోర్డు మీద టీచరు ఒక లెక్క వేసింది. అది తప్పు. బాబాయి వెంటనే నా మోచేయి పొడిచాడు. "చూశావా? మైనస్ మర్చిపోయింది. అదీ సిక్స్ అంటే!"

ఆ తప్పు టీచరుది కాదు. బోర్డు పైన 'ఈరోజు నాకు బాగా నచ్చిన తప్పు' అని రాసి ఉంది. పిల్లలు రాసిన జవాబుల్లోంచి ఆవిడ రోజూ ఒక తప్పుని ఏరి, ఎవరిదో చెప్పకుండా బోర్డు మీద పెడుతుందట. "ఇందులో ఎంతవరకు సరిగ్గా ఉంది?" అని అడిగింది. చేతులు లేచాయి. ఒకళ్ళు మొదటి వరుస బాగుందన్నారు, ఇంకొకళ్ళు ఆలోచన బాగుందన్నారు, చివరికి మైనస్ ఎక్కడ జారిపోయిందో వాళ్ళే పట్టుకున్నారు. వెంటనే కిటికీ పక్కన బొద్దుగా ఉన్న పిల్లాడు లేచి రెండు చేతులూ పైకెత్తాడు. "అది నాదే!" గోల్ కొట్టినవాడిలా చుట్టూ చూశాడు. అందరూ నవ్వారు. వాడు అందరికంటే ఎక్కువ నవ్వాడు.

బాబాయి నోరు తెరుచుకునే ఉంది. "బగ్‌కి సన్మానం చేస్తున్నారమ్మా" అన్నాడు చిన్నగా. మారిసోల్ వచ్చి పిలిచినా కదల్లేదు. రెండోసారి పిలిచాక కదిలాడు.

కారిడార్‌లోకి వచ్చాక తన టెస్టర్ ప్రశ్న బయటికి తీశాడు. "ఈ స్కూల్లో అన్నిటికంటే చెడ్డది ఏంటి?"

మారిసోల్ ఆపిల్ కొరికి నిజాయితీగా ఆలోచించింది. "బుధవారం పిజ్జా. అట్టలా ఉంటుంది. జిమ్ పక్కన వాసన. వాన పడితే లైబ్రరీలో ఒక మూల కారుతుంది, బకెట్ పెడతాం. ఆ బకెట్‌కి పేరు కూడా ఉంది, గ్లోరియా."

"మరి రేటింగ్ సిక్స్ ఎందుకొచ్చింది?"

నాకు నేలలోకి వెళ్ళిపోవాలనిపించింది. ఆ పిల్ల మాత్రం తడుముకోలేదు. "టెస్టుల వల్ల అనుకుంటా. నేను ఆరో క్లాసులో ఈ దేశానికి వచ్చినప్పుడు నాకు ఇంగ్లీష్ రాదు. ఆ ఏడాది టెస్టులో నాకు చాలా తక్కువ వచ్చింది. నాలాగే కొత్తగా వచ్చినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉంటారు." అని పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది. "అంటే ఆ సిక్స్‌లో కొంచెం నేను కూడా ఉన్నా. సారీ!"

"అయ్యో, నో, నో" అన్నాడు బాబాయి. చెవులు ఎర్రబడ్డాయి. "నీ ఇంగ్లీష్ నాకంటే బాగుంది."

"థాంక్యూ. మీ యాక్సెంట్ నాకు నచ్చింది."

తర్వాత పిల్లలు పుస్తకాలు పెట్టుకునే లాకర్ల దగ్గరికి వచ్చాం. గోడ పొడవునా నీలం రంగు ఇనప తలుపులు, ఒక్కోదానికీ గుండ్రంగా తిప్పే తాళం. కొత్తగా చేరిన పిల్లలు మొదటి వారం ఏడ్చేది దీని దగ్గరేనంది మారిసోల్. తాళం రాక, క్లాసుకి ఆలస్యమై. అందుకని ఆ వారం ఎనిమిదో క్లాసువాళ్ళు ఇక్కడే నిలబడి నేర్పిస్తారట. "మీరు తీస్తారా?" అని ఒక ఖాళీ లాకర్ చూపించి మూడు అంకెలు చెప్పింది.

బాబాయి నవ్వాడు. బ్యాంకుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే మనిషి. కుడికి తిప్పాడు, ఎడమకి తిప్పాడు, లాగాడు. రాలేదు. మళ్ళీ తిప్పాడు. రాలేదు. చొక్కా చేతులు పైకి మడిచాడు. బెల్ కొట్టింది. కారిడార్ నిండా పిల్లలు. కొందరు ఆగారు. ఇంటర్వ్యూ చొక్కా వేసుకున్న పెద్దాయన లాకర్‌తో కుస్తీ పడుతుంటే ఎవరాగరు?

నాకు భయమేసింది, నవ్వుతారేమోనని. ఎవరూ నవ్వలేదు. మారిసోల్ రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. తాళం ముట్టుకోలేదు. "ఎడమకి తిప్పేటప్పుడు రెండో అంకెని ఒకసారి దాటిపోనివ్వాలి. మళ్ళీ వచ్చినప్పుడు ఆగాలి."

"దాటిపోతే తప్పు కదా?"

"కాదు. దాటాల్సిందే."

"నెమ్మదిగా సర్, నెమ్మదిగా" అన్నాడు ఇందాకటి బొద్దు పిల్లాడు. "నాకు రెండు వారాలు పట్టింది!"

బాబాయి ఊపిరి బిగబట్టి తిప్పాడు. అంకె దాటిపోయింది, మళ్ళీ వచ్చింది, ఆగాడు. కుడికి తిప్పి లాగాడు. టక్‌మని తలుపు తెరుచుకుంది. కారిడార్ మొత్తం ఓ అని అరిచి చప్పట్లు కొట్టింది. ఖాళీ లాకర్ ముందు మా బాబాయి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు, అచ్చం ఆ పిల్లాడిలాగే.

తిరిగి వచ్చేటప్పుడు బాబాయి దారిలో ఒక దుకాణం దగ్గర కారు ఆపి, చిన్న పొట్లంతో వచ్చాడు.

సాయంత్రం పిన్ని ఆఫీస్ నుంచి వచ్చేసరికి సరుకుల అలమర రెండు తలుపుల పిడులకీ కలిపి, గుండ్రంగా తిప్పే తాళం వేలాడుతోంది. బాబాయి దగ్గర అప్పటికే దాన్ని తీయడం నేర్చేసుకున్న వేద, మేధ పక్కన కూర్చుని కిలకిలలాడుతున్నారు.

"ఇదేంటండీ! చింతపండు లోపలుంది. పప్పుచారు ఎలా పెట్టను?"

"అంకెలు చెబుతా, తీసుకో."

పిన్ని ఆఫీస్ బ్యాగు పక్కన పెట్టి తాళం పట్టుకుంది. తిప్పింది, రాలేదు. "ముందు సంగతి తేల్చండి. ఇల్లు అమ్ముతున్నామా?"

"ఏ ఇల్లు?" అన్నాడు బాబాయి.

వేద ఒక్క గెంతు గెంతి ఆయన మెడకి వేలాడింది. మేధ నా చేయి పట్టుకుని గిరగిరా తిప్పింది. అంతలో ఫోన్. బాబాయి స్పీకర్‌లో పెట్టాడు.

"అన్నా, పొద్దుగాల్నుంచి ఎదురుచూస్తున్న. అమ్మకం బోర్డు పెడ్తున్నవా, లేదా?"

"బోర్డు లేదు, గీర్డు లేదు. వచ్చే గురువారం లీవ్ పెట్టు. నిన్ను తీసుకెళ్తా."

"గది సరే గానీ, ఇంతకీ రేటింగ్ ఎంతిచ్చినవే?"

బాబాయి అలవాటుగా కళ్ళు మూసుకున్నాడు. మేమందరం ఆయన మొహంకేసి చూస్తున్నాం. తెరిచాడు.

"నువ్వొచ్చి చూడు రఘూ. కార్‌లో కూర్చుంటే కుదరదు, లోపలికి రావాలి. లైబ్రరీలో గ్లోరియా అని ఒకావిడుంది, పరిచయం చేస్తా."

అవతల రఘు "గ్లోరియా ఎవరే?" అంటున్నాడు. ఇవతల పిన్ని విసుక్కుంటూ ఇంకోసారి డయల్ తిప్పుతోంది. వేద వెళ్ళి ఆమె పక్కన నిలబడి, రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"దాటిపోనీ అమ్మా. ఒకసారి దాటిపోనీ. ఇట్స్ ఓకే."