పేలిక కట్టిన కంది చెట్లు

పాప నిద్రపోయాక, ఒక చెయ్యి దాని పొట్ట మీద ఉంచి రెండో చేత్తో ఇది రాస్తున్నాను. పొట్ట లేస్తూ దిగుతూ ఉంటే నాకు మాటలు వస్తాయి. కాస్త ఆగినట్టు అనిపిస్తే నా మాటా ఆగిపోతుంది.

పోయిన ఏడు కంది పూతకొచ్చిన రోజుల్లో వికారాబాద్‌లో ఒక చిన్న బృందంతో పని చేశాను. ఎమ్మెస్సీలో చదివిన వృక్షశాస్త్రం అప్పటిదాకా పెట్టె అడుగునే ఉంది. మా ముందున్న ప్రశ్న ఒకటే. చెట్టు వాడుతుంటే అది నీళ్లు చాలకనా, ఎండు తెగులు వల్లనా? జబ్బు చెట్ల ఫోటోలు, జబ్బు లేని చెట్ల ఫోటోలు చూపిస్తూ పోతే, తేడా ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే కంప్యూటర్ నేర్చుకుంటుంది. మెషీన్ లెర్నింగ్ అంటే నాకు అర్థమైనంతలో అంతే.

ఫోటోలు తీయడం నా వంతు. పొగమంచులో చేనంతా ఒకే చెట్టులా ఉండేది. పొద్దున చూసిపెట్టుకున్న జబ్బు చెట్టు మధ్యాహ్నానికి దొరికేది కాదు. అందుకని పాపకు పొట్టివైపోయిన పొత్తిగుడ్డలు, గౌన్లు చింపి, జబ్బు చెట్టుకల్లా ఒక పేలిక కట్టేదాన్ని. మంచు పలచబడేసరికి చేలో రంగురంగుల పేలికలు ఊగేవి. వాటిని చూస్తూ నిలబడితే కాసేపు నేనెందుకు వచ్చానో మరిచిపోయేదాన్ని.

ఆ ఫోటోలతో తయారైనది ఇప్పుడు నా ఫోన్‌లో ఉంది. చెట్టును చూపిస్తే జబ్బో కాదో చెబుతుంది. నేర్పేటప్పుడు దానికి చూపించకుండా మేం దాచిపెట్టిన ఫోటోలతో పరీక్షిస్తే ఒక్కటీ తప్పు చెప్పలేదు. పాప ముఖం చూపిస్తే కూడా ఇలాగే చెప్పే వస్తువొకటి ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

ఈ ఏడు కాయ పట్టే రోజుల్లో పాపను ఒళ్లో పెట్టుకుని తాండూరు దాకా రైల్లో, అక్కడి నుంచి పెద్దేముల్ వైపు షేర్ ఆటోలో మా అత్తమ్మ దగ్గరికి వెళ్లాను. మర్నాడు పొద్దున్నే చేనుకు పోయాం. అత్తమ్మ ఏటా చేలోకెల్లా బాగా కాసిన చెట్లను ఎంచి, పాత చీర చింపి పేలికలు కడుతుంది. కోసేవాళ్లు వాటి జోలికి పోరు. చెట్టు మీదే ఎండనిచ్చి, ఆ గింజలు విడిగా దాచి మరుసటి ఏడు విత్తుతుంది. ఆ విత్తనం వాళ్లమ్మ ఇచ్చినది. కొన్నది కాదు.

ఊరికే ఫోన్ తీసి దానికి చెట్లను చూపించాను. మామూలు చెట్లన్నీ బాగున్నాయంది. అత్తమ్మ ఎంచిన చెట్టు దగ్గరికి రాగానే ఎండు తెగులు అంది. ఇంకోటి చూపించాను. అదీ తెగులే. వరసగా అన్నీ.

ఆకులు పచ్చగానే ఉన్నాయి. అయినా లోపల మొదలైనది బయటికి కనబడడానికి సమయం పడుతుందని చదువుకున్నాను. తల్లినయ్యాక ఆ మాటను మరీ ఎక్కువగా నమ్ముతున్నాను.

“అత్తమ్మా, ఈ పేలికలు కట్టినవి ఇత్తనానికి ఉంచొద్దు. తెగులున్నది. వచ్చే ఏడు చేనంత పాకుతది.”

“ఎవలన్నరు?”

“ఫోన్‌ల చూసిన.”

“నీ ఫోను ఎన్నడన్న కలుపు తీసిందా బిడ్డా?” పాపను చంకలో సర్దుకుంది. “గీ పొల్లకు జర తుమ్మొస్తేనే దవాఖానకు ఉరుకుతవు. ఇగ చెట్లను గూడ పట్టుకున్నవా?”

నేను నవ్వలేదు. అత్తమ్మ నా ముఖంలోకి కొంచెంసేపు చూసింది. పాపను నాకిచ్చింది.

“ఒక్కటి పీకి చూద్దం తియ్. నీ పరేషాన్ పోవాలె గద.”

పేలిక విప్పి పక్కన పడేసి, రెండు చేతులా లాగింది. చెట్టు అంత తేలిగ్గా రాలేదు. కొడవలితో వేరు నుంచి కాండాన్ని నిలువునా చీల్చింది. తెగులుంటే లోపల నల్లటి చారలుండాలి. ఇద్దరం వంగి చూశాం. తెల్లగా, తడిగా ఉంది.

“ఏది నీ తెగులు?”

పాప నా చంకలోంచి జారి, కింద పడ్డ పేలికను అందుకుని ఊపుతోంది. ఆ పేలికనే చూస్తూ ఉండిపోయాను. పాప చేతిలోంచి తీసుకుని, ఫోన్ ఇందాక బాగుందన్న చెట్టుకు కట్టి మళ్లీ చూపించాను. ఎండు తెగులు అంది. విప్పి చూపించాను. బాగుంది అంది.

అది ఆకులను చూడనే లేదు. పోయిన ఏడు నేను తీసిన ప్రతి జబ్బు చెట్టు ఫోటోలోనూ ఒక గుడ్డ ఉంది. అది గుడ్డనే నేర్చుకుంది. దాచిపెట్టిన ఫోటోల్లోనూ గుడ్డలున్నాయి. అందుకే ఆ తప్పు ఎవరికీ దొరకలేదు.

అత్తమ్మకు విడమరిచి చెప్పాను.

“మేం మంచి చెట్టుకు కడ్తం. నువ్వు చెడ్డ చెట్టుకు కట్టినవు. గా ఫోనుదేం తప్పు పాపం?” అంది. మళ్లీ తనే, “తక్కినయి గూడ పీకుదమా మరి?” అంది.

గట్టు మీద కూర్చుని వికారాబాద్‌లోని మా బృందానికి ఫోన్ చేసి, ఎవరూ దాన్ని నమ్మి చెట్లు పీకకుండా ఆపమన్నాను. ఫోటోలన్నీ మళ్లీ తీయాలని, ఈసారి ఏ చెట్టుకూ ఏమీ కట్టనని చెప్పాను.

పీకిన చెట్టు కాయలు అత్తమ్మ ఒడిలో వేసుకుని ఇంటికి తెచ్చి, ఉప్పేసి ఉడకబెట్టింది. వచ్చే ఏడు మొలవాల్సిన గింజలు. పాప ఇంకా ఇంకా అని చెయ్యి చాపింది. గొంతుకు అడ్డం పడతాయేమోనని, ఒక్కో గింజనూ వేళ్లతో నలిపి దాని నోట్లో పెట్టాను.