పొద్దు మునగని దీవికి డబుల్ ఎంట్రీ

2004 ఏప్రిల్. నాందేడ్ స్టేషన్ రోడ్డు మీద, జిరాక్స్ సెంటరుకూ సోడా బండికీ మధ్య నా ట్రావెల్ ఏజెన్సీ. ఏజెన్సీ అంటే ఒక బల్ల, ఒక ఫోను, గోడకు ప్రపంచ పటం. ఆ ఎండలకు స్టాప్లర్ పిన్నులు మెత్తబడి కాగితంలోకి దిగేవి కావని ఇప్పటికీ చెబుతుంటాను. సగమైనా నమ్మండి. గల్ఫ్ టికెట్లు, పాస్‌పోర్టు ఫారాలు, వాటితో పాటు కవరింగ్ లెటర్లు రాయడం నా పని. వీసా ఫారంతో జతచేసే ఉత్తరం అది. ఎవరు వెళ్తున్నారు, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తారు అని ఎంబసీకి చెబుతుంది. నా లెటర్లు చదివి ఆఫీసర్లు కళ్ళు తుడుచుకునేవారని ఊళ్ళో ప్రచారం ఉండేది. ఆ ప్రచారం చేసింది నేనే.

ఒకరోజు పొద్దున్నే శకుంతల బాయి వచ్చారు. తెలంగాణ సరిహద్దున దెగ్లూర్ బడిలో ముప్పై ఏళ్ళు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. మా వైపు మరాఠీ బళ్ళలో పంతులమ్మను బాయి అనే పిలుస్తారు. వెంట తమ్ముడు రాజన్న, ముఖం గంటు పెట్టుకుని. ఆమె కుర్చీ వైపు చూడకుండా నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి పటం పైఅంచున వేలు పెట్టారు.

"గంగాధర్, గీడికి పోవాలె. జూన్‌ల."

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. స్వాల్‌బార్డ్. నార్వేకు కూడా ఉత్తరాన, మంచు సముద్రంలో కొన్ని దీవులు.

"గక్కడ ఏమున్నది బాయీ?"

"వేసవిల పొద్దు మునగది."

రాజన్న ఇక ఆగలేకపోయాడు. "నాందేడ్ ఎండ సాలలేదంట మా అక్కకు! మాహూర్ గుడికి పోదాం, కాశి పోదాం అంటె ఇనది. నువ్వన్న చెప్పు గంగన్నా."

"కాశికి పోతె ఎవ్వరు అడగరు," అన్నారామె. "గిక్కడికి పోతనంటె ఊరంత అడుగుతున్నరు. ఏం, మనోళ్లు పోవద్దని యాడనన్న రాసిపెట్టిండ్రా?"

ఆ మాటతో నేను ఆమె పక్షం అయిపోయాను.

రెండు రోజులు ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని వెతికాను. తెలిసిందేమిటంటే, ఆ దీవి ఎవరినీ వీసా అడగదు. ఏ దేశం వాడైనా దిగవచ్చు. ఈ సంగతి స్టేషన్ రోడ్డంతా చాటాను. ఒక్కడూ నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం దీవి కాదు, చెప్పిన నోరు. అయితే ఒక మెలిక ఉంది. మనం అక్కడికి చేరాలంటే నార్వే రాజధాని ఓస్లో మీదుగానే విమానం. నార్వేలో అడుగుపెట్టాలంటే షెంగెన్ వీసా కావాలి. యూరప్‌లోని చాలా దేశాలు కలిసి ఇచ్చే ఒకే వీసా అది. వీసా అడగని దీవికి వీసా లేకుండా పోలేం.

ఫారం నింపాను. ఎన్ని ప్రవేశాలు అన్నచోట సింగిల్ ఎంట్రీ మీద టిక్ కొట్టాను. ఒక ప్రయాణం, ఒక ప్రవేశం. అదీ నా లెక్క. బాయి ఫారం అందుకుని పటాన్నీ దాన్నీ మార్చి మార్చి చూశారు.

"దీవి గా షెంగెన్ల ఉన్నదా?"

"లేదు బాయీ. గందుకే వీసా అడగరు."

"మరి ఓస్లోల దిగుత, ఒకసారి లోపలికి పోయినట్టు. దీవికి పోత, బయటికి పోయినట్టు. మర్లచ్చేటప్పుడు మళ్ల ఓస్లోనే. గది రెండోసారి గాదా?"

నేను కొట్టిన టిక్కుతో వెళ్ళి ఉంటే ఆమె తిరుగుదారి లేక ఆ మంచులో చిక్కుకునేవారు. ఆ టిక్కును చెరిపేసి డబుల్ ఎంట్రీ అని రాశాను.

పోయిన పరువు కవరింగ్ లెటర్‌లో తెచ్చుకుందామనుకున్నాను. ఓస్లోలో మేనల్లుడు, వాళ్ళింట్లో పాప, బారసాల. పాపకు పేరు కూడా నేనే పెట్టాను. బాయి చదివి బల్ల మీద వెనక్కి నెట్టారు.

"ఓస్లోల నాకు మేనల్లుడు యాడికెల్లి అచ్చిండు?"

"నిజం రాస్తె నమ్మరు బాయీ. పొద్దు సూడనీకి గంత దూరం ఎవరు పోతరంటరు. వీసా ఇయ్యరు."

ఆమె గొంతు తగ్గించి అన్నారు: "ఒకసారి క్లాసుల ఒక పోరి అడిగింది, 'బాయీ, మునగని పొద్దును మీరు సూశిండ్రా?' అని. నోట్లకెల్లి ఔ అని అచ్చేసింది. ఇగ ప్రతి యేడు గదే చెప్పుకుంట అచ్చిన. పిల్లలు నమ్మిండ్రు. గా అబద్ధాన్ని నిజం చేసుకోనీకి పోతున్న గంగాధర్. ఇంకో అబద్ధం మీద సంతకం పెట్టి పోతనా?"

రాజన్న అక్క ముఖంలోకి చూశాడు. ఇన్నేళ్ళలో అతనికీ ఈ సంగతి తెలియదు.

లెటర్ ఆమే రాశారు. ఆ నిజమే, ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు. పెన్షన్ కాగితాలు, ఇన్సూరెన్సు, టికెట్ బుకింగ్ జతచేసి ఢిల్లీ పంపాను. రిజెక్ట్ అవుతుందని రాజన్నతో సోడా పందెం కూడా కాశాను.

మూడో వారం ఎంబసీ నుంచి ఫోను. ఆమెతో మాట్లాడాలట. మర్నాడు బాయి మహారాష్ట్ర సర్కారు ఎస్టీ బస్సులో దెగ్లూర్ నుంచి వచ్చి ఫోను ముందు కూర్చున్నారు. నేను స్పీకర్ నొక్కాను. ఆఫీసరు హిందీలో, ఈమె మా దక్కనీ ఉర్దూలో.

"మంచు చూడాలంటే కశ్మీర్ ఉంది కదమ్మా?"

"కశ్మీర్‌లో పొద్దు మునుగుతుంది సాబ్."

"ఈ వయసులో, ఒంటరిగా... మీరు తిరిగి వస్తారని ఏమిటి నమ్మకం?"

"రాకపోతే చూశానని పిల్లలకు ఎవరు చెప్తారు?"

అటువైపు వినిపించింది నవ్వో, లైను గరగరో తెలియలేదు. పది రోజుల్లో పాస్‌పోర్టు వచ్చింది. డబుల్ ఎంట్రీ. సోడా నేనే పోయించాను.

జూన్‌లో ఆమె వెళ్ళారు. ఇక్కడ స్టేషన్ రోడ్డు మీద చెప్పిన కథల్లో నేను తెల్ల ఎలుగుబంట్ల చేత ఆమెకు నమస్కారాలు పెట్టించాను. జూలైలో, వాన పడుతుంటే, గొడుగు మూసుకుంటూ లోపలికి వచ్చారు.

"ఎట్లున్నది బాయీ పొద్దు?"

"కనవడలే."

ఉన్న ఐదు రోజులూ మబ్బేనట. చీకటి మాత్రం పడలేదట. రాత్రి పన్నెండింటికి బయట నిలబడి, దీపం లేకుండా పేపరు చదివారట. సూర్యుడు మాత్రం మబ్బు వెనకే.

నాకు ప్రాణం ఉసూరుమంది. "పోనీయుండ్రి. సూశిన అనే చెప్పుండ్రి. ఎవ్వడు పోయి సూశొస్తడు?"

"నేను పోయిన గద."

ఆ వారమే బడికి వెళ్ళి, ఒక పీరియడ్ అడిగి తీసుకుని, పిల్లల ముందు నిలబడి అంతా చెప్పారు. ఇన్నేళ్ళు అబద్ధం చెప్పాననీ, వెళ్ళి వచ్చినా చూడలేదనీ, పేపరు మాత్రం చదివాననీ. కిటికీ బయట నిలబడి విన్న రాజన్న నాకు చెప్పాడు. ఒక పోరి లేచి, మళ్ళీ వెళ్తారా అని అడిగిందట. ఈసారీ ఔ అనే అన్నారట.

మర్నాడు నా బల్ల ముందు ఇద్దరూ.

"ఇంకో ఫారం తియ్యి."

"పైసలు కూడాలంటె నాలుగేండ్లు పడుతది అక్కా," అన్నాడు రాజన్న.

"పడనీ."

ఆ కేసు తర్వాత నేను కవరింగ్ లెటర్లో క్లయింటు చెప్పిన కారణమే రాస్తున్నాను, అది ఎంత వింతగా ఉన్నా సరే. కొన్ని రిజెక్ట్ అయ్యాయి. అదే కారణం, అదే మాటల్లో రాసి, మళ్ళీ పంపాను.