వెలగని వెనక దీపం

చిటికె అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. ఏ బండి వచ్చినా దాని గోడు సగం వినకముందే "చిటికెలో అయిపోతుంది" అనేవాడు గనక వీధి వీధంతా కలిసి పెట్టింది. పని రానివాడు కాడు, తొందరే ఎక్కువ. మెకానిక్ కొట్టు పది అడుగులుంటే అందులోనే కాలు కాలిన పిల్లిలా తిరుగుతాడు. టీ చల్లారేదాకా ఆగలేక రోజూ నాలుక కాల్చుకుంటాడు. సినిమాకి వెళ్తే చివరికి ఎలాగూ కలుస్తారులే అని ముందే లేచి వచ్చేస్తాడు. "వీడు ఏడో నెలలోనే పుట్టాడు, ఆ తొందర ఇంకా తీరలేదు" అంటుంది వాళ్ళ అక్క.

ఇంకో సంగతి. ఏ బండికి ఎక్కడ గీత పడిందో ఏళ్ళ తరవాత కూడా చెబుతాడు గానీ, దాన్ని తెచ్చిన మనిషి ముఖం గుర్తుండదు. చెక్కపీట మీద కూర్చుని పనిచేసేవాడికి మనుషులు మోకాళ్ళ దాకానే కనిపిస్తారు మరి, అదీ చూపు బండి మీంచి కదిలితే. ఒకసారి సొంత పెళ్ళాన్నే "మీ బండి ఏదమ్మా?" అని అడిగాడని చెప్పుకుంటారు. నేను నమ్మను. అలాగని అడిగి ఉండడని ఒట్టు వెయ్యమంటే వెయ్యను.

ఒక సాయంత్రం అక్క మొగుడు వచ్చాడు. ఆస్పత్రుల్లో తీసిన రక్తం సీసాల్ని చల్లపెట్టెలో పెట్టుకుని ఊరవతల ల్యాబులో ఇచ్చి రావడం బావ ఉద్యోగం. ఆరులోపు చేరకపోతే ఆ రక్తం పనికిరాదు, రోగులు మళ్ళీ సూది పొడిపించుకోవాలి.

"ముందు బ్రేకు పడితే వెనకాల లైటు వెలగట్లేదురా" అన్నాడు బావ, బండి దిగకుండానే.

ముందు బ్రేకు, అంటే చేతిబ్రేకు, పిడి మొదట్లో గోరంత స్విచ్చు ఉంటుంది. పిడి లాగగానే అందులో చిన్న పుల్ల జరిగి, వెనక ఎర్రదీపం వెలుగుతుంది. ఆ పుల్ల కాస్తా విరిగిపోయింది.

"స్విచ్చు పోయింది బావా, కొత్తది రేపు తెప్పిస్తా. వైర్లు రెండూ కలిపేస్తే దీపం ఇరవై నాలుగ్గంటలూ వెలుగుతుంది, నువ్వు ఎప్పుడు ఆగుతున్నావో వెనకవాడికి తెలీదు. అందుకని విడివిడిగా టేపు చుట్టేస్తున్నా. కాలిబ్రేకు ఉందిగా!"

పీట మీంచే చెయ్యి చాచి కాలిబ్రేకు నొక్కాడు. వెనక గోడ మీద ఎర్రగా వెలుగు పడింది.

"చూశావా, భేషుగ్గా ఉంది. ఈ పూటకి కాలితో లాగించెయ్."

బావ ఏదో చెప్పబోయాడు. అప్పటికే చిటికె పక్క బండి గొలుసు విప్పుతున్నాడు. బావ గడియారం చూసుకుని, "సరేలే" అని వెళ్ళిపోయాడు.

పది నిమిషాలకి అక్క ఫోను చేసింది.

"ఆయన వచ్చారట్రా? కాలు చూశావా? వాపేమైనా తగ్గిందా?"

"ఏం కాలు?"

"చెప్పలేదా నీకు! మెట్ల మీద జారి మడమ ఎముక చిట్లి పది రోజులైంది. సెలవు పెట్టమంటే వింటేగా! కుడికాలు దేనికి తగిలినా ప్రాణం పోతోందట. ఉత్త చేతిబ్రేకుతోనే నడుపుతున్నారు మహానుభావుడు."

చిటికె పానా పక్కన పడేసి లేచాడు. బావ కాలితో బ్రేకు నొక్కలేడు. చేత్తో పడితే వెలగదు. అంటే బావ ఎన్నిసార్లు ఆగినా వెనకవాడికి ఆ సంగతే తెలియదు. అసలు అందుకే కదా అంత హడావుడిలోనూ బండి తెచ్చాడు! పోయేది లారీల రోడ్డు, పైగా జల్లు మొదలైంది.

ఫోను చేశాడు. మోగింది, మోగింది, ఆగిపోయింది. బండి మీద ఉండగా బావ ఫోను తియ్యడు. ఆ మంచి అలవాటును చిటికె తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు.

తనదీ అదే రకం బండి. దాని స్విచ్చు ఊడదీశాడు. ఒక్కటంటే ఒక్కటే స్క్రూ, కళ్ళు మూసుకుని తీసేవాడే, ఇప్పుడు స్క్రూడ్రైవరు రెండుసార్లు జారింది. స్విచ్చూ స్క్రూడ్రైవరూ జేబులో వేసుకుని, పక్క కొట్టులో కుట్టుమిషను తొక్కుతున్న ఆవిడతో "పిన్నీ, కొట్టు చూస్తుండు" అని అరిచి బయల్దేరాడు.

"చిటికెలో వస్తావా?" అందావిడ నవ్వుతూ. అతనికి నవ్వు రాలేదు.

ప్రతి సిగ్నలూ కక్షగట్టినట్టు అతని ముందే ఎర్రబడింది. ఆగిన చోటల్లా ఒకటే ఆలోచన. కాలితో లాగించెయ్ అని పంపింది నేనే. ఏదైనా జరిగితే ఆ మాట అక్కతో ఏ నోటితో చెప్పను?

నొప్పికాలితో బావ నెమ్మదిగా పోతున్నాడేమో, వంతెన దిగాక తెల్లటి చల్లపెట్టె కనిపించింది. బావ ముందున్న బస్సు ఉన్నట్టుండి ఆగింది. బావ పిడి బిగించాడు, బండి ఆగింది, వెనక దీపం మాత్రం వెలగలేదు. బావ వెనకున్న లారీ కీచుమంటూ వచ్చి మూరెడు దూరంలో నిలబడింది. డ్రైవరు తల బయటపెట్టి బావని నానా మాటలూ అన్నాడు. ఆ తిట్లన్నీ తనకి రావలసినవని చిటికెకి తెలుసు.

"బావా!" అని అరిచాడు. హెల్మెట్టు, వాన, హారన్లు, ఎవరికి వినిపిస్తుంది? పక్కకి ఆపుదామన్నా రోడ్డంచున జాగా లేదు. ఇక చేసేదేమీ లేక లారీకీ బావకీ మధ్య దూరాడు. బావ కుడిచేతి వేళ్ళ మీదే కళ్ళు పెట్టాడు. ఆ వేళ్ళు బిగిసినప్పుడల్లా తన కాలిబ్రేకు నొక్కి తన దీపం వెలిగించాడు. లారీవాడు వెనకే హారను కొడుతున్నాడు. అయినా కదల్లేదు. మూడు కిలోమీటర్లు, ఇంకొకడు ఎంత నెమ్మదిగా పోతే అంత నెమ్మదిగా పోవడం అతనికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి.

ల్యాబు గేటు దగ్గర బావ వెనక్కి తిరిగి చూసి నోరు తెరిచాడు.

"నువ్వట్రా! ఎవడో అంటుకుని వస్తున్నాడు, రక్తం దొంగతనం చేసే వెధవ ఎవడా అనుకున్నా."

"ఆరు కాబోతోంది, ముందు పెట్టె ఇచ్చిరా" అన్నాడు చిటికె.

బావ వచ్చేలోపు టేపు విప్పి, స్విచ్చు బిగించి, వైర్లు తగిలించాడు. పిడి లాగాడు. దీపం వెలిగింది. నమ్మకం కుదరక ఆరేడుసార్లు లాగి చూశాడు. తలెత్తేసరికి బావ గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ వస్తున్నాడు.

భయం కాస్తా కోపమై పైకి తన్నుకొచ్చింది. "కాలు సంగతి నాకెందుకు చెప్పలేదు బావా? చచ్చేవాడివి, తెలుసా?"

"బండికేమైందన్నట్టు చూశావు, చెప్పాను" అన్నాడు బావ, వేళాకోళంగానే. "నాకేమైందని అడిగావా?"

చిటికె బావని మెట్టు మీద కూర్చోబెట్టి, తను కింద తడినేల మీద చతికిలబడి, ఆ కుడికాలు రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నొప్పెక్కడో చెప్పు" అన్నాడు. బావ చెప్పడం మొదలుపెట్టాడు. చిటికె మధ్యలో అడ్డు రాకుండా మొత్తం విన్నాడు.