గురివింద గింజకు పానకం

తొంభైల మొదట్లో మేము టేకులపల్లిలో ఉండేవాళ్లం. హైదరాబాదులో పరిశోధన చేస్తున్న తమ్ముడు అడిగాడని గురివింద గింజలు ఏరించి చేటలో ఆరబోశాను. వాటిలోని విషం చక్కెరను పట్టుకుంటుందట. ఆ విషాన్ని బంధించే చక్కెర మందు తయారుచేయడమే వాడి పని. ఇంట్లోనే చదువుకున్న నాకు అంతవరకే అర్థమైంది.

గింజల కోసం వాడు వచ్చిన రోజే మా నాలుగేళ్ల పాప ఒకటి మింగేసింది. భద్రాద్రి రాముణ్ని తలుచుకుని, బెల్లం పానకం కలిపి గ్లాసు మీద గ్లాసు పట్టించాను.

తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. “ఏం చేస్తున్నవే అక్కా?”

“చక్కెర విషాన్ని పట్టుకుంటదని నువ్వే చెప్పినవ్ గద!”

“ఒంటరి చక్కెరైతే ఇట్ల పట్టి అట్ల వదిలేస్తది. అందుకే మేం శానా చక్కెరల్ని ఒక్క గుత్తిలెక్క కడుతున్నం. గది ఇంకా మందు కాలే! జల్దీ నడువు దవాఖానాకు!”

“నమిలినవా బిడ్డా?” అని డాక్టరుగారు పాపను అడిగారు.

“లే. గట్టిగ ఉండె, మింగిన. అమ్మా, ఇంకింత పానకం!”

డాక్టరుగారు నావైపు చూశారు. నేను తల దించుకున్నాను.

పొట్టు పగలకపోతే విషం బయటికి రాదట. రెండు రోజులు అక్కడే ఉంచి చూశారు. గింజ చెక్కుచెదరకుండా బయటపడింది.

తమ్ముడి మందు తయారవ్వాలని రోజూ దండం పెట్టుకుంటాను. అంతకంటే ముందు, ఆ చిన్న గింజకు అంత గట్టి పొట్టు తొడిగిన దేవుడికి ఒక దండం.