గిరక మీది తాడు

నా చిన్నప్పుడు, గోపాల్‌పేట దగ్గర ఎండిపోయిన మా బావిని ఇంట్లోవాళ్లమే లోతు చేసుకున్నాం. నాయన గోడ మెట్ల మీదుగా దిగి, అడుగున రాళ్లు పగలగొట్టి గంపకెత్తేవాడు. పైన అమ్మ, చిన్నాయన గిరక మీది తాడుతో గంపను లాగేవారు. రోజూ పొద్దున తాడుకు ఒక పెద్ద రాయి కట్టి, చిన్నాయన బీడీ కాల్చుకునేంతసేపు వేలాడదీసేవారు. తెగకపోతే ఆ రోజుకు తాడు మంచిదే.

ఒకనాడు తాడుకు ఒకచోట పీచు లేచింది. రాయిని ఆపింది గానీ, నాయన దిగడానికి జంకాడు. బడిలో అప్పుడే తూకాలు నేర్చుకున్న నేను, రాయి నలభై కిలోలుంటుంది, గంప ముప్పై దాటదు, ఏమీ కాదన్నాను.

"మాస్టరమ్మ జెప్పింది గదన్నా, ఇంకేం పరేషాన్? దిగు!" అని చిన్నాయన నన్ను చూపించి నవ్వాడు.

మా అవ్వ మాత్రం, "ఊకె యేలాడితే తాడు సంగతి తెల్వదురా" అని గొణిగింది. ఎవరూ పట్టించుకోలేదు. నాయన నా మొహం చూసి దిగాడు.

మధ్యాహ్నం, గంప నింపి తాడుకు తగిలించాక, "చెమ్మ దగిలిందిరో!" అని కింది నుంచి కేకేశాడు. ఆ సంబరంలో చిన్నాయన తాడును ఒక్క గుంజు గుంజాడు. గంప సగం దూరం లేచాక తాడు తెగింది. నాయన గోడకు కరుచుకున్నాడు గానీ, ఒక రాయి ఆయన ఎడమ పాదాన్ని నలిపేసింది.

దవాఖాన నుంచి వచ్చిన నాయన మంచం దగ్గరికి నేను రెండు రోజులు పోలేకపోయాను. మూడోనాడు అవ్వ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. బొంత కుట్టే దారానికి ఒక రాయి కట్టి, మెల్లగా లేపమంది. లేచింది. ఈసారి గుంజమంది. దారం పుటుక్కున తెగింది.

"రాయి పెరిగిందా బిడ్డా?"

"లేదవ్వా."

"నువ్వు రాయినే లెక్కవెడ్తివి, గుంజుడును మరిస్తివి. నాకు తెల్సి గూడ గట్టిగ జెప్పకపోతి."

కాలేజీ గడప తొక్కని నేను, చాలా ఏళ్లకు వనపర్తి గ్రంథాలయంలో ఒక భౌతికశాస్త్రం పుస్తకం పట్టుకుని అదే పాఠం చదివాను. కిలో అనేది రాయిలోని పదార్థానికి కొలత. బలానికి న్యూటన్ అని వేరే కొలత ఉంది. కదలకుండా వేలాడే రాయి తాడును కొంత బలంతోనే లాగుతుంది. అదే రాయిని ఒక్కసారిగా పైకి గుంజితే కిలోలు మారవు, తాడు మీది బలం పెరుగుతుంది. అర్థమైన సంతోషం ఆ పేజీ తిప్పేదాకా కూడా నిలవలేదు.

నాయన బతికినన్నాళ్లూ కుంటుతూనే నడిచాడు. ఒక్కనాడూ నా లెక్క మాట ఎత్తలేదు. ఇప్పుడు మనవరాలు లెక్క చేసి చూపిస్తే, జవాబు సరిగ్గానే ఉన్నా, దాన్ని నమ్మి దిగేది ఎవరని అడుగుతాను.