రొమ్ము మీద కొంగ

సూర్యాపేటలో మాది మొదట బడిపిల్లల యూనిఫారాల దుకాణం. మా ఆయన గుడ్డ కత్తిరిస్తే నేను కుట్టేదాన్ని. బడులు తెరిచే జూన్‌లో అన్నం తినడానికి కూడా తీరిక దొరికేది కాదు. వానలు వెనకబట్టేసరికి మిషన్ల మీద దుమ్ము తుడుచుకుంటూ కూర్చునేవాళ్లం. అట్లా ఒక చలికాలం కూర్చుని ఉంటే, పక్క ఊరి కబడ్డీ ఆటగాళ్లు బిలబిలమంటూ వచ్చారు. బజార్లో కొన్న బనియన్లు, కూతకు పోయినవాణ్ణి అవతలివాళ్లు దొరకబుచ్చుకోగానే భుజం దగ్గర పర్రుమంటున్నాయట.

"చినగనిది కుట్టియ్యి వదినా. రంగు నీ ఇష్టం, గుడ్డ నీ ఇష్టం. ఆడపిల్లలు సూడంగ అంగీ ఊడొస్తే ఇజ్జత్ పోతుంది," అన్నాడు వాళ్లలో ఒకడు.

భుజానికి లోపల ఇంకో పొర వేసి, చంకల కింద కుట్టు మీద కుట్టు వేసి ఇచ్చాను. ఆ సంక్రాంతి ఆటల్లో మనుషుల మోకాళ్లు పగిలాయి గాని మా బనియన్లు చినగలేదు. ఆ మాట నోటినోటా పోయింది. నిడమనూరు, మఠంపల్లి, హుజూర్‌నగర్ దిక్కుల నుంచి జట్లు రావడం మొదలైంది. బడిబట్టలు తగ్గిపోయి ఆటబట్టల దుకాణం అయింది. అట్లా పుట్టింది మా కంపెనీ. కంపెనీ అంటే నవ్వకండి. మేమిద్దరం, పనికి వచ్చే ఇద్దరు ఆడవాళ్లు, ముందు గదిలో మిషన్లు, వెనక గదిలో వంట.

వచ్చినవాళ్లంతా పేరున్న పెద్ద కంపెనీల గుర్తులు వేయమని అడిగేవాళ్లు.

"అడిగింది ఎయ్యక నీకేం బాధనే?" అనేవాడు మా ఆయన.

"చెయ్యి మనది, బొమ్మ వాళ్లదా? గదేం బతుకయ్యా?" అనేదాన్ని.

అందుకే సొంత గుర్తు పెట్టాను, రెక్కలు విప్పిన తెల్ల కొంగ. కింద మా దుకాణం పేరు. అది చూసి ఒకడు, "ఏందక్కా, కొంగ? పులి బొమ్మ ఎయ్యరాదూ?" అన్నాడు. "పులిని ఏ పొలంల జూసినవ్ బిడ్డా? కొంగనైతే నాట్లు పడ్డప్పటి నుంచి జూస్తున్నవ్ గద. అది చేపను పట్టిందంటే ఇడుస్తదా? నువ్వు గూడ గట్లనే పట్టు," అన్నాను. నవ్వాడు గాని, కొంగను రొమ్ము మీద మాత్రం పెట్టనియ్యలేదు.

ఎందుకంటే మా దిక్కున ఆటవాళ్ల అంగీకి ఒక రివాజు ఉంది. రొమ్ము మీద దాత పేరు ఉండాలి. ఎరువుల దుకాణమో, రైసు మిల్లో, ఊళ్లో పెద్దమనిషో, ఎవరు పైసలు పెడితే వాళ్ల పేరు అక్కడ పడుతుంది. వీపు మీద నంబరు. ఇక కుట్టినవాళ్లకు మిగిలింది మెడ లోపల, వేలెడంత పట్టీ. ఆ పట్టీ మీద కొంగను అచ్చు వేయించి ఎంతో అపురూపంగా కుట్టేదాన్ని. ఆటగాళ్లేమో మెడ గీరుకుంటోందని బ్లేడుతో కోసి పారేసేవాళ్లు. ఇన్నేళ్లు కుట్టాను, మా పేరు చూసి వచ్చిన మనిషిని నేను చూడలేదు. 'ఆ జట్టువాళ్లు వేసుకున్నలాంటివి కావాలి' అని వచ్చేవాళ్లే.

ఒకసారి నిడమనూరు దిక్కు నుంచి ఒక జట్టు వచ్చింది. మిర్యాలగూడ మిల్లు యజమాని ఒకాయన వాళ్లకు అంగీలు ఇప్పిస్తానని మాటిచ్చాడు. తీరా మొదటి ఆటే ఆయన వియ్యంకుడి ఊరి జట్టుతో పడింది. "మా వియ్యంకుడు మళ్ల నా మొఖం జూస్తడా?" అని ఆయన తప్పుకున్నాడు. పాపం, ఆ పిల్లలు కూలి డబ్బుల్లోంచి తలా కొంత వేసుకొని వచ్చారు. జట్టు కెప్టెన్ ఖాళీ రొమ్మును చూసి, "గిట్ల బోడిగుంటే దిక్కులేనోళ్ల లెక్క కొడతది వదినా," అన్నాడు.

"మా కొంగను పెడత. సక్కగుంటది," అన్నాను. ఇన్నేళ్ల తర్వాత దొరికిన జాగా మరి! అరచేతి కన్నా పెద్దగా, దూరానికి కూడా చదవగలిగేలా వేశాను.

మిర్యాలగూడ ఆటల్లో ఆ జట్టే గెలిచింది. నేనూ మా ఆయనా చూడటానికి వెళ్లాం. కప్పు ఇచ్చే ముందు మైకు పట్టుకున్న ఆయన, "ఈ చక్కటి దుస్తులను పేద క్రీడాకారులకు బహూకరించిన సూర్యాపేట దాతలు వేదిక మీదికి రావాలని కోరుతున్నాం," అని మా దుకాణం పేరు చదివాడు. ఎవరో భుజాలు పట్టి పైకి ఎక్కించారు. శాలువా కప్పారు.

"అయ్యా, మేం ఇయ్యలె. కుట్టినం అంతే. వాళ్లే కొనుక్కున్నరు," అని ఆయన చెవిలో చెప్పాను.

ఆయన మైకులో, "చేసింది చెప్పుకోవడం కూడా ఇష్టం లేని మనసమ్మా మీది!" అన్నాడు. చప్పట్లు.

కింద ఆ కెప్టెన్ మొహం కందిపోయింది. నేను దిగి వచ్చి శాలువా అతని చేతికి ఇవ్వబోయాను. "నాకెందుకు? పైసలు మావి, పేరు మీది. మంచిగనే ఉన్నది వదినా," అని పక్కకు తిరిగాడు. ఆ మాట ఇవాళ్టికీ గుచ్చుకుంటూనే ఉంది.

ఆ తర్వాత మా గడపకు కొనేవాళ్లు రావడం మానేశారు, ఊరికే ఇమ్మని అడిగేవాళ్లు మొదలయ్యారు. ఆహ్వాన పత్రికలు అచ్చు వేయించి, బొట్టు పెట్టి మరీ పిలిచేవాళ్లు. "పెద్దమ్మా, మా ఊరికి గూడ ఒక సెట్టు. మీ కొంగనే పెట్టుకుంటం," అనేవాళ్లు. కాదంటే, "నిడమనూరోళ్లు మీకు సుట్టాలా?" అని దెప్పేవాళ్లు. పాత గిరాకీ కూడా, "వాళ్లకు ఊకెనే ఇచ్చి మా దగ్గర పైసలు గుంజుతరా?" అని మొహం తిప్పుకుంది. మా ఆయన ఎవరైనా వస్తున్నారంటే వెనక గదిలోకి పోయి తలుపు వేసుకునేవాడు. పనికి వచ్చే ఇద్దరిలో ఒకామె, "అక్కా, నేను ఇగ మానేసి ఏదన్న మిల్లుకు పోవాల్నా? జర చెప్పు," అని అడిగింది. మంచి సీజన్‌లో మిషన్లు చప్పుడు లేకుండా ఉన్నాయి.

అప్పుడే కోదాడలో పెద్ద ఆటలకు మమ్మల్ని అతిథులుగా పిలిచారు. "పోదాం. మైకు దొరుకుతది. ఉన్నదున్నట్టు చెప్పేస్త," అన్నాను.

"చెప్పినవ్ గద మిర్యాలగూడల. ఏమైంది?"

"గాడ చెవుల చెప్పిన. గీడ మైకుల చెప్త."

చెప్పాను కూడా. "మేం దాతలం కాదు. అంగీలు కుట్టి అమ్ముకొని బతికేటోళ్లం. మా అంగీ చినగదు. గావాలంటే కొనుక్కోండి, ఊకె ఇచ్చేది లేదు," అన్నాను. జనం పడీ పడీ నవ్వారు. మైకాయన అందుకొని, "చూశారా అండీ, మన దాత గారు ఎంత సరదా మనిషో!" అన్నాడు. మళ్లీ చప్పట్లు, మళ్లీ శాలువా. నేను అక్కడే ఆయన గొంతు పట్టుకుందును గాని, మా ఆయన చెయ్యి పట్టుకొని దింపాడు.

మెట్ల దగ్గర ఒక టీచరమ్మ ఆగి ఉంది. కాలేజీ ఆడపిల్లలకు వాలీబాల్ నేర్పిస్తుందట. "ఒక్కో జెర్సీ ఎంత పడుద్దండి?" అని అడిగింది. ధర అడిగిన మనిషిని చూసి ఎన్నాళ్లయిందో! కళ్లలో నీళ్లు తిరిగినంత పనైంది. ధర చెప్పాను, గుడ్డ చెప్పాను, భుజం పొర సంగతి చెప్పాను.

"అన్నీ బాగున్నాయి గాని, కొంగ మాత్రం ముందు వద్దండి," అంది.

"ఎందుకమ్మా?"

"మా పిల్లలు వాళ్ల సొంత డబ్బులతో కొనుక్కుంటున్నారు. మీ బొమ్మ కనబడితే ఎవరో ఊరికే ఇచ్చారనుకుంటారు. ఆ మాట వాళ్లు పడకూడదు."

నిడమనూరు కెప్టెన్ మొహం చూసిన దాన్ని, ఆమెతో ఏమని వాదించను? "మెడ దగ్గర?" అంటే గీరుకుంటుందంది. ఆఖరికి అంగీ కింది అంచున, పక్క కుట్టు దగ్గర, బొటనవేలి గోరంత కొంగకు ఒప్పుకుంది.

కుట్టి ఇచ్చాం. పిల్లలు ఎగిరి బంతిని కొడుతుంటే అంగీలు ఒంటికి అతికినట్టు ఉన్నాయి. కాని ఆటకు దిగేముందు ప్రతి పిల్లా అంగీ అంచును నిక్కరులోకి దోపుకుంది. అదే వాళ్ల పద్ధతట. నేను గ్యాలరీలో కూర్చుని ఎంత వెతికినా ఒక్క కొంగ కనబడలేదు.

టీచరమ్మ చెప్పిందని ఇంకో రెండు కాలేజీలు వచ్చాయి. అన్నీ అదే ఒప్పందం మీద. మిషన్లు మళ్లీ తిరుగుతున్నాయి. మిల్లుకు పోతానన్నామె ఎక్కడికీ పోలేదు.

"నడుస్తున్నది గదనే. ఇంకేం గావాలె నీకు?" అంటాడు మా ఆయన. మొన్న మళ్లీ ఆ మాటే అన్నాడు.

"కుట్టింది మనమని ఒక్కడన్న అనాలె."

"అంటే ఏమొస్తది?"

మిషన్ కింద ఉన్న అంగీని లాగి, అంచు మడిచి, కొంగను పెట్టి కుట్టు వేశాను.