రెండడుగుల దూరం నేర్పిన కామేశ్వరి టీచరు గారు

మా తెలుగు టీచరు కామేశ్వరి గారు పోయిన మంగళవారం ఉదయం రాజమండ్రిలో స్వర్గస్థులయ్యారు. ఆ దుర్వార్త మా వీధి వాట్సాప్ గ్రూపులో చదివి నిశ్చేష్టుణ్ణయ్యాను. పదో తరగతిలో నా చేత ఛందస్సు వల్లె వేయించిన ఆ కంఠస్వరం ఇక వినబడదంటే మనసు ఒప్పుకోలేదు. గ్రూపులో దండాల బొమ్మల వరుస ఇంకా పూర్తి కాకముందే ఒక పెద్దమనిషి, "ఇప్పటికైనా ఆ కుక్క పార్కులోకి రాకుండా చూడండి" అని సందేశం పెట్టారు. నా కన్నీళ్లు అక్కడే ఆగిపోయాయి. ఈ నాలుగు మాటలూ ఆ కోపంతోనే రాస్తున్నాను.

రిటైరయ్యాక టీచరు గారు వీధిలో దొరికిన ఒక గోధుమరంగు కుక్కపిల్లను చేరదీసి బుజ్జి అని పేరు పెట్టుకున్నారు. అది పెద్దదయ్యాక రోజూ సాయంత్రం అయిదున్నరకు తాడు కట్టి మా పార్కుకు నడకకు తీసుకొచ్చేవారు. పిల్లలు జారుడుబల్ల ఎక్కేదీ, తల్లిదండ్రులు వాళ్లతో షటిల్ ఆడేదీ సరిగ్గా ఆ వేళకే. ఒకరోజు బుజ్జి బంతి వెంట ఉరికి మా అమ్మాయి, ఆరేళ్ల హాసినిని పడేసింది. పిల్ల మోకాలు చెక్కుకుపోయింది. కుక్కలను నిషేధించాలని పార్కు కమిటీకి ఇచ్చిన అర్జీ మీద మొదటి సంతకం నాదే. ఆ సంగతి దాచి ఆమెను స్తుతించడం నాకు చేతకాదు.

మర్నాడు టీచరు గారు మా ఇంటికి వచ్చారు. "తాడు వదిలేసింది నేనురా శ్రీనూ. తప్పు నాది" అన్నారు. కాఫీ ఇస్తే తాగలేదు. "సంతకం పెట్టావని కోపం లేదు. కానీ పిల్ల కుక్కంటే జడుసుకుంటూ పెరిగిందా, నిన్ను మాత్రం వదిలిపెట్టను" అని లేచి వెళ్లిపోయారు.

కమిటీ ప్రెసిడెంటు గారు మొదట మధ్యేమార్గం వెతికారు. "మధ్యాహ్నం ఒంటిగంటకైతే పార్కు ఖాళీగా ఉంటుంది కదండీ మేడం గారూ, అప్పుడు తీసుకురండి" అన్నారు. "మే నెలలో ఒంటిగంటకు ఈ సిమెంటు దారి మీద తమరు చెప్పుల్లేకుండా ఒక్క చుట్టు తిరగండి. వెనకాలే మేమిద్దరం వస్తాం" అన్నారు టీచరు గారు. ఆయన తిరగలేదు. వారం తిరక్కుండా గేటుకు బోర్డు వేలాడింది.

'కుక్కలను లోపలికి తేకండి' అని రాయమంటే, రాసినతను తడబడి 'కుక్కలు లోపలికి రాకండి' అని రాశాడు. టీచరు గారు దాన్ని అందరి ముందూ రెండుసార్లు పైకి చదివారు. "ప్రెసిడెంటు గారూ, ఇది మా బుజ్జికి రాసిన ఉత్తరమండి. దానికి చదువు రాదు, నేనే చదివి చెబుతాను. అయినా ఎంత మర్యాదండీ! రావద్దనేటప్పుడు కూడా 'అండి' తగిలించారు. మీరింత గౌరవించాక మేం దాన్ని 'నువ్వు' అంటే ఏం బావుంటుంది?" అన్నారు. అందరూ పగలబడి నవ్వారు. ప్రెసిడెంటు గారూ నవ్వి, ఆ బోర్డు దింపించేశారు.

నవ్వులాటకు అన్న మాటను ఆమె ఆ సాయంత్రమే పాఠం చేసేశారు. ఆనాటి నుంచి పిల్లలకు అది బుజ్జి గారు. "గారు అంటే ఉత్త గౌరవమే అనుకోకండర్రా, దూరం కూడా. మీ హెడ్మాస్టరు గారి మీద పడి మెడ పట్టుకుంటారా? రెండడుగుల అవతల ఆగి అడుగుతారు. ఇక్కడా అంతే" అనేవారు. పిల్లలు రెండడుగుల దూరంలో ఆగి, "బుజ్జి గారండీ, ముట్టుకోవచ్చాండీ?" అని అడిగేవారు. తోక ఊపితే సరే, లేకపోతే తిరిగి ఆటకు పోయేవారు. ఆమె కూడా తాడు పొట్టిగా పట్టుకుని, పచ్చిక జోలికి రాకుండా చుట్టూ ఉన్న దారిలోనే నడిచేవారు. బుజ్జి చేసిన మలినాన్ని పాత పేపరుతో స్వహస్తాలతో ఎత్తి కుండీలో వేసేవారు. ఆ తర్వాత ఒక్క పిల్లకు కూడా దెబ్బ తగల్లేదు. హాసిని భయం ఎప్పుడు పోయిందో మాకే తెలియదు.

ఆవిడ సాధుస్వభావురాలని మాత్రం రాయలేను. షటిల్ ఆడేవాళ్ల మాటల్లో తప్పులు దిద్దందే ఊరుకునేవారు కాదు. ఇంత వయసొచ్చిన నన్ను కూడా పదిమందిలో "ఒరేయ్, 'ణ' పలకడం ఇంకా రాలేదా?" అని నిలదీసేవారు. అలా నిలదీసేవారు నాకిక లేరు.

బుజ్జి ఇప్పుడు మా ఇంట్లో ఉంది. నిన్న సాయంత్రం తీసుకువెళ్తే గేటుకు కొత్త బోర్డు కనిపించింది. ఈసారి అక్షరదోషాలు లేవు. "నన్నేం చేయమంటారండి, కమిటీ వారు వద్దన్నారండి" అని వాచ్‌మన్ తల దించుకున్నాడు. నేను బుజ్జితో బయటే నిలబడ్డాను. "అయితే నేనూ రాను" అంది హాసిని. ఉయ్యాలల మీది పిల్లలు అది విని ఒక్కొక్కరే దిగి బయటకు వచ్చేశారు. వెనకాలే వాళ్ల అమ్మానాన్నలు షటిల్ బ్యాట్లతో సహా వచ్చారు. చీకటి పడేదాకా గోడ పక్కన ఖాళీ జాగాలోనే ఆడుకున్నాం. లోపల పార్కులో ఎవరూ లేరు.

టీచరు గారికి ఇదే నా అంజలి. ఆమె లోటు పూడ్చడం నా తరం కాదు, ఎవరి తరమూ కాదు. కమిటీ వారికి మాత్రం ఒక మనవి. ఇన్నాళ్లూ ఆవిడ ఒక్కరే మాట్లాడారు, మేం వెనక నిలబడి నవ్వాం. ఇక మాట్లాడవలసింది మేమే. గేటు తీసినా, తీయకపోయినా రేపు అయిదున్నరకు వస్తాం.